ఇంటిల్లిపాదికీ ఒక సినిమా

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ధనుర్మాసం సగం గడిచేసరికి మన ఇళ్ళల్లో పనులు వరసకట్టి నిలబడతాయి. బియ్యం నానబొయ్యాలి, పిండి పట్టించాలి, బెల్లం తెప్పించాలి, అటకమీది పెద్ద మూకుడు దింపి తోమించాలి. వచ్చేవాళ్ళెంతమంది, ఉన్న దుప్పట్లెన్ని అని లెక్క చూసుకోవాలి. ఇవన్నీ మనకి చేతనైన పనులే. చిన్నప్పట్నించీ చూస్తున్నవే కాబట్టి ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు. కాని ఈ మధ్య వీటి పక్కన ఇంకో పని వచ్చి చేరింది. భోగిమంట ఆరి, తలంట్లయి, భోజనాలు కానిచ్చాక అందరూ హాల్లో చేరి, "ఇప్పుడు ఏ సినిమా పెడదాం?" అంటారు చూడండి, అదీ ఆ పని.

"ఇదీ ఒక పనేనా? దీని మీద ప్రసంగం కూడానా?" అని మీలో కొందరు నవ్వుకుంటూండవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని. 2024 సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో ఒక సంగతి జరిగాక అలా అనుకోవడం మానేశాను. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు కొంచెం వెనక్కి వెళదాం.

మా చిన్నతనంలో ఎంచుకోవడమనే బాధే లేదు. మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. పంటలు ఇళ్ళకి చేరాక ఊరి చివర డేరా వేసి టూరింగు టాకీసు నడిపేవారు. నేల, బెంచీ, కుర్చీ - అవే తరగతులు. ఘంటసాలగారి వెంకటేశ్వరస్వామి పాట రికార్డు మైకులో వినిపించిందంటే ఇక ఆట మొదలవబోతోందని గుర్తు. అన్నాలు గబగబా తినేసి, ఒక చాపా, మరచెంబుతో మంచినీళ్ళూ పట్టుకుని బయల్దేరేవాళ్ళం. ఏ సినిమా అని ఎవరూ అడిగేవారు కాదు. ఊళ్ళోకి ఏ ఆట వస్తే అదే ఆట. 1963లో విడుదలైన 'లవకుశ', మన తెలుగులో పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి సినిమా, నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా డేరాకి వచ్చింది. మా నాయనమ్మ మూడు రాత్రులు వరసగా వెళ్ళింది. మూడు రాత్రులూ సీతమ్మవారి కష్టాలకి ఏడ్చింది. నాలుగోరోజు ఆట మార్చేశారని మళ్ళీ ఏడ్చింది.

ఇక రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. సినిమాలోని మాటలూ పాటలూ తగ్గించి కూర్చి వినిపించేవారు. తెరమీద ఏం జరుగుతోందో మనమే ఊహించుకోవాలి. ఒకరు బియ్యం ఏరుతూ, ఒకరు పూలు కడుతూ, పిల్లలు అరుగుమీద పడుకుని వినేవారు. పని ఆగేది కాదు, సినిమా ఆగేది కాదు. ఆ తర్వాత దూరదర్శన్ వచ్చింది. హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరులో మొదలైనా, మా వీధికి టీవీ వచ్చేసరికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. ఒక ఇంట్లో టీవీ ఉంటే వీధి వీధంతా ఆ ఇంటి వసారాలో కూర్చునేది. వారానికి ఒక్క తెలుగు సినిమా. దాన్ని ఎంచడం దూరదర్శన్ వాళ్ళ పని. బాగుంటే మనకి సంతోషం, బాగాలేకపోతే తిట్లన్నీ వాళ్ళకి. ఇంట్లో ఒకరినొకరు అనుకోవలసిన అవసరం లేకపోయింది.

ఇప్పుడలా కాదు కదండీ. ఓటీటీలని వచ్చాయి. యూట్యూబులో పాత సినిమాలు వరసగా ఉన్నాయి. సంక్రాంతికి హాళ్ళల్లో మూడో నాలుగో కొత్త సినిమాలు విడుదలవుతాయి. పదిమంది కలిసి హాలుకి వెళ్ళాలంటే టికెట్లూ, బళ్ళూ, పాప్‌కార్నూ కలుపుకుని పండగ ఖర్చుకి ఇంకో పండగ ఖర్చు తోడవుతుంది. అందుకని చాలా ఇళ్ళల్లో ఒకరోజు హాలు, మిగిలిన రోజులు టీవీ. వందల సినిమాలు మన గుప్పిట్లో ఉన్న రిమోట్‌లోకి వచ్చి కూర్చున్నాయి. ఎంచే బాధ్యత మనింటికి వచ్చింది. దాంతోపాటు మాట పడే బాధ్యతా వచ్చింది.

మా ఇంట్లో ఎంపిక ఎలా జరిగేదో చెబుతాను. మీ ఇంటికీ దీనికీ ఎంత పోలిక ఉందో చూసుకోండి. మా మరిదిగారికి ఫైటింగులుండాలి. పదో తరగతి చదివే వాళ్ళబ్బాయికి ఫైటింగులు చాలవు, అవి వేరే భాషలో ఉండాలి. మా ఆడపడుచు, "ఏడుపులొద్దొదినా, ఏదైనా నవ్వించేది పెట్టండి" అంటుంది. మా ఏడేళ్ళ చిన్నదానికి బొమ్మల సినిమా కావాలి. అడిగి అడిగి, ఎవరూ వినక, అది ఒకరి ఫోను పట్టుకుని మూలకి పోతుంది. మా అత్తయ్యగారు, "మీ ఇష్టమర్రా, నాకేం, ఏదైనా ఒకటే" అంటారు. నేనూ, మా తోటికోడలూ వంటింట్లోంచి, "మీరు పెట్టుకోండి, మేం వచ్చి కలుస్తాం" అంటాం. ముప్పావుగంటసేపు ఒక్కొక్క సినిమా రెండేసి నిమిషాలు పెట్టి తీసేస్తూ, చివరికి రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వారి మాట నెగ్గుతుంది.

తర్వాత జరిగేది కూడా మీకు తెలియనిది కాదు. కథ సజావుగా నడుస్తూ నడుస్తూ ఉండగా, పెద్దల మధ్య కూర్చుని చూడలేని దృశ్యం ఒకటి వచ్చిపడుతుంది. అప్పుడు రిమోట్ కనిపించదు. దిండు కింద ఉందేమోనని ఒకరు, సోఫా సందులో పడిందేమోనని ఒకరు వెతుకుతారు. ఆ వెతికే అరనిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందండీ! మా మామయ్యగారు ఉన్నరోజుల్లో ఆయనకి సరిగ్గా అప్పుడే గేదెకి కుడితి పెట్టారో లేదో అనుమానం వచ్చేది. లేచి పెరట్లోకి వెళ్ళేవారు. పాపం, ఆ గేదెని అమ్మేసి నాలుగేళ్ళయిందని ఎవరూ గుర్తుచేసేవారు కాదు.

ఇలాంటి ఇబ్బంది రాకుండా ఉండాలంటే మొట్టమొదట చేయవలసింది సర్టిఫికెట్ చూసుకోవడం. హాల్లో సినిమా మొదలవగానే తెరమీద ఒక కాగితం కనిపిస్తుంది. కబుర్లలో పడి మనం దాన్ని పట్టించుకోం. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సారు వాళ్ళు ఇచ్చేదే అది. 'యు' అంటే అందరూ చూడవచ్చు. 'ఎ' అంటే పద్ధెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే. 1983లో ఈ రెంటి మధ్యా 'యుఎ' అనేది చేరింది - పిల్లలు పెద్దల సలహాతో చూడవచ్చునని. ఆ పిల్లలు ఐదేళ్ళవాళ్ళా, పదిహేనేళ్ళవాళ్ళా అన్నది చాలాకాలం ఆ అక్షరాల్లో తెలిసేది కాదు. 2024లో వచ్చిన కొత్త నిబంధనలతో దాన్ని మూడుగా విడదీశారు: యుఎ 7+, యుఎ 13+, యుఎ 16+. అంటే ఆ వయసుకి లోపున్న పిల్లల్ని చూడనివ్వవచ్చునా లేదా అన్నది తల్లిదండ్రులే ఆలోచించుకోవాలి. ఏడేళ్ళ పాపకీ పదిహేనేళ్ళ అబ్బాయికీ మనం ఒకే పెరుగన్నం పెట్టవచ్చు కాని, ఒకే సినిమా పెట్టలేం కదా.

ఓటీటీల సంగతి వేరు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం అక్కడ తరగతి నిర్ణయించేది ఆ సంస్థవాళ్ళే. వయసు గుర్తుతోపాటు హింస ఉందా, మోటు మాటలున్నాయా అన్న సంగతి కూడా మొదట్లో చూపించాలి. పదమూడేళ్ళు, అంతకు పైబడిన తరగతి వాటికి పిల్లలు తెరవకుండా తాళం వేసుకునే ఏర్పాటు కూడా ఉండాలి. బీరువాకి తాళం వేసి చెవి కొంగున ముడేసుకునే మనం, ఈ తాళం సంగతి మాత్రం పిల్లల్నే అడుగుతాం! "ఒరే, ఇదెలా వెయ్యాలిరా?" అని. వేసేది వాడే అయితే తీసేదీ వాడేగా. సెలవులు మొదలవకముందే ఒక పూట కూర్చుని ఆ అంకెలేవో మనమే పెట్టుకోవడం మంచిది. పది నిమిషాల పని.

పాత సినిమా అయితే ఏ భయమూ లేదని కొందరంటారు. అదీ పూర్తిగా నిజం కాదండి. 1962 నాటి 'గుండమ్మ కథ' మా ఇంట్లో ఏటా చూస్తాం. సూర్యకాంతంగారు నోరు విప్పితే చాలు, పిల్లలకి పండగ. కాని ఒకసారి మా అమ్మాయి, "అమ్మా, పొగరు అణచడం అంతా ఆడపిల్లకేనా? మగాళ్ళ పొగరుకి సినిమా లేదా?" అని అడిగింది. ఆ ప్రశ్న మీద ఆ రాత్రి మావారికీ దానికీ గంటసేపు వాదన జరిగింది. సినిమా చూసినందుకు అదీ ఒక లాభమే అనుకోండి. 1980లో వచ్చిన 'శంకరాభరణం' అందరూ చూడదగ్గదంటాం. సంగీతం కోసం చూడవలసిందే. కాని అందులో తులసి పడే బాధ ఏమిటని ఎనిమిదేళ్ళ పిల్ల అడిగితే ఏం చెబుతారు? జవాబు సిద్ధం చేసుకుని కూర్చోవాలి. పాత సినిమాల్లో నత్తి మాటల మీదా, లావుపాటివాళ్ళ మీదా హాస్యాలుంటాయి. మన ఇంట్లోనే ఒక బాబు నత్తితో బాధపడుతున్నాడనుకోండి, అందరూ పగలబడి నవ్వుతూంటే వాడి మొహం ఎలా ఉంటుందో ఒకసారి చూడండి.

నేను చెప్పేది ఏమిటంటే, సర్టిఫికెట్ సినిమా సంగతి చెబుతుంది, మన ఇంటి సంగతి చెప్పదు. తెరమీద ఏముందో సెన్సారువాళ్ళు చూసిపెడతారు. తెర ముందు ఎవరు కూర్చున్నారో చూడవలసింది మనం. ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. చేసిన పొరపాటు వల్ల తెలుసుకున్నది. మొదట్లో చెబుతానన్న సంగతి ఇదే.

2023 వేసవి సెలవులకి అందరం కలిసినప్పుడు 'బలగం' సినిమా చూశాం. అది ఆ ఏడు మార్చిలో విడుదలైంది. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి ఊరంతా కలిసి చూశారని పేపర్లలో వచ్చింది. ఇంటి పెద్ద పోతాడు. పిట్టకి పెట్టిన ముద్ద కాకి ముట్టదు. ఇంట్లోవాళ్ళ మధ్యనున్న పట్టింపులన్నీ అప్పుడు బయటపడతాయి. మా మామయ్యగారు సినిమా అంతా కదలకుండా చూసి, అయిపోయాక కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "చూశారుగా. నా కాకిని మాత్రం ఎండలో నిలబెట్టకండర్రా" అన్నారు. అందరం నవ్వాం.

ఆ ఏడే ఆశ్వయుజ మాసంలో ఆయన కాలం చేశారు.

దాంతో 2024 సంక్రాంతికి మా ఇంట పండగ లేదు. ముగ్గు లేదు, మూకుడు దింపలేదు. చుట్టాలూ పక్కింటివాళ్ళూ అరిసెలూ, జంతికలూ తెచ్చి పెట్టి వెళ్ళారు. అయినా పిల్లలకి సెలవులు కాబట్టి, అత్తయ్యగారిని ఒంటరిగా ఉంచకూడదని పదకొండు మందిమీ అక్కడే చేరాం. ఇల్లు నిండుగానే ఉంది కాని, చప్పుడు లేదు. ఆవిడ ముందు మామయ్యగారి మాట ఎత్తకూడదని ఎవరికి వారే అనుకున్నాం. ఆయన పడక్కుర్చీ సావిట్లోంచి తీసి కొట్టుగదిలో పెట్టేశాం. పొరపాటున పిల్లలెవరైనా "తాతయ్య" అంటే కళ్ళతోనే గదిమేవాళ్ళం.

కనుమనాటి సాయంత్రం ఏదైనా సినిమా పెడదామన్నారు. ఫైటింగులు వద్దు, పిచ్చి హాస్యాలు వద్దు. మంచి సినిమా, పెద్దావిడ చూడదగ్గది ఏముందని ఆలోచించి, 'మిథునం' పెడదామన్నది నేనే. శ్రీరమణగారి కథని తనికెళ్ళ భరణిగారు 2012లో సినిమాగా తీశారు. తెరమీద బాలసుబ్రహ్మణ్యంగారూ, లక్ష్మిగారూ ఇద్దరే. పిల్లలు దూరాన ఉంటే, పెరటి నిండా మొక్కలతో, పొద్దస్తమానం తిండి గురించి దెబ్బలాడుకుంటూ బతికే ముసలి దంపతుల కథ. ఒక్క మోటు మాట లేదు. ఒక్క కొట్టుకోవడం లేదు. ఇంతకంటే నిరపాయమైన సినిమా ఏముంటుంది?

చూస్తున్నంతసేపూ బాగానే ఉంది. అత్తయ్యగారు రెండు మూడు సార్లు నవ్వారు కూడా. మూడు నెలల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు. నాకు తృప్తిగా ఉంది. సినిమా ఇక ముగింపుకి వస్తోందనగా నాకు గుండె ఝల్లుమంది. చివరికి ఆ ఇద్దరూ ఇద్దరుగా మిగలరు. ఆ సంగతి నాకు తెలుసు. పదేళ్ళ క్రితం చూసి ఏడ్చిన సినిమానే. అయినా పెట్టేముందు నాకు తట్టలేదు. మంచి సినిమా, మంచి సినిమా అనుకున్నానే గాని, ఎవరి ఎదుట పెడుతున్నానో ఆలోచించలేదు. మావారి వంక చూశాను. ఆయనకీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. చటుక్కున రిమోట్ తీసుకుని టీవీ కట్టేశారు. "పొద్దుపోయింది, పడుకోండర్రా" అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మా ఆడపడుచు మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళింది. అత్తయ్యగారు నల్లగా అయిపోయిన ఆ తెరకేసి కాసేపు చూసి, లేచి వెళ్ళి పడుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎంత పని చేశానని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆపేసి మంచిపని చేశారని మాత్రం మావారిని మనసులో మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్న నేను కాఫీ కలుపుతూంటే అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకు కూర్చున్నారు. "అమ్మాయ్, రాత్రి ఆ సినిమా ఎందుకు ఆపేశారు?" అన్నారు.

"ఏం లేదత్తయ్యా, పొద్దుపోయిందని..." అన్నాను.

"నా దగ్గర దాచకు. నా ఇంట్లో జరిగింది సినిమాలో చూస్తే నేను పోతాననుకున్నారా? మూణ్ణెల్లనించీ చూస్తున్నాను. ఆయన కుర్చీ దాచేశారు. ఆయన పేరు దాచేశారు. పసివెధవలు తాతయ్య అంటే నోరు మూయిస్తున్నారు. నిన్న ఆవిడ మొగుణ్ణి కూరలో ఉప్పు గురించి సాధిస్తూంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నేనూ అలాగే సాధించేదాన్నిగా. కాస్త కుదుటపడుతున్నానో లేదో, టప్పున కట్టేశారు."

నాకు నోట మాట రాలేదు. ఆవిడ కాఫీ గ్లాసు అందుకుని, కొంచెంసేపు ఊరుకుని, "కాకిని ఎండలో నిలబెట్టకండర్రా అన్నారు, గుర్తుందా? పదోరోజున పిండం పెట్టీ పెట్టకుండానే కాకి వచ్చి వాలింది. నాకు ఆయన మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. మీ అందరి మొహాలూ చూసి ఆపుకున్నాను" అన్నారు.

నాకు కూడా ఆరోజు అదే మాట గుర్తొచ్చిందండీ. నేనూ ఆపుకున్నాను. ఆ మాటే ఆవిడతో చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుకుంటూనే ఏడ్చాం.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, సినిమా ఆగిన చోటినించి పెట్టి మేమిద్దరం కూర్చుని చూశాం. ఏం జరుగుతుందో, చూడనివాళ్ళ కోసం నేను చెప్పను. అయిపోయాక ఆవిడ, "బాగా తీశారు" అన్నారు. అంతే. సాయంత్రం కొట్టుగది తీయించి, కుర్చీ మళ్ళీ సావిట్లో వేయించారు. మా చిన్నది వెళ్ళి అందులో ఎక్కి కూర్చుంది. ఎవరూ గదమలేదు.

అప్పుడు తెలిసింది, నేను చేసిన పొరపాట్లు రెండని. ఆవిడ ఎదుట ఏ సినిమా పెడుతున్నానో ఆలోచించకపోవడం ఒకటి. ఆలోచన వచ్చాక, ఆవిణ్ణి అడగకుండా ఆవిడ తరఫున మేమే తీర్పు చెప్పేయడం రెండోది. మొదటిదానికంటే రెండోదే పెద్దది. "చివర ఇలా ఉంటుందత్తయ్యా, చూస్తారా, వద్దా?" అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. ఇంకొకావిడైతే వద్దనేవారేమో. ఎవరి మనసు ఎలా ఉంటుందో అడిగితేనే గాని తెలియదు.

అప్పట్నించీ మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. పెద్ద గొప్పవేం కావు, మీకు పనికొస్తాయేమో చూడండి.

సినిమాలు పండగనాడు ఎంచం. వారం ముందే ఎంచుకుంటాం. అందరికీ తలొక చీటీ. ఏడేళ్ళ పిల్లకీ ఒకటి, అత్తయ్యగారికీ ఒకటి. "మీ ఇష్టం" అని రాసిన చీటీ చెల్లదు. వంటింట్లో ఉన్నవాళ్ళు కూడా రాయాలి. వాటిలోంచి రోజుకొకటి చొప్పున మూడు తీస్తాం. ఒకటి చిన్నవాళ్ళది, ఒకటి పెద్దవాళ్ళది, ఒకటి కుర్రకారుది. ఎవరి సినిమా రోజున వాళ్ళది రాజ్యం. మిగిలినవాళ్ళు వంకలు పెట్టకుండా కూర్చోవాలి. మా పదో తరగతి అబ్బాయి తన వంతు తనకి వస్తుందని తెలిశాక, 'మాయాబజార్' రోజున ఫోను పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఎవరి సినిమా అయినా సరే, పెద్దవాళ్ళలో ఒకరు ముందుగా చూసి ఉండాలి, లేదా చూసినవాళ్ళని అడిగి ఉండాలి. అడగవలసింది "బాగుందా?" అని కాదు. బాగుందనే చెబుతారు. "అందులో ఏముంది? మా ఇంట్లో ఫలానావాళ్ళున్నారు, వాళ్ళకెలా ఉంటుంది?" అని అడగాలి. ఈమధ్య ఆస్పత్రి చుట్టూ తిరిగినవాళ్ళుంటారు. పెళ్ళి సంబంధం తప్పిపోయిన ఆడపిల్ల ఉంటుంది. పరీక్ష పోయిన కుర్రాడుంటాడు. వాళ్ళని కూర్చోబెట్టి అలాంటి కథే పెట్టామనుకోండి, ఎంత మంచి సినిమా అయినా ముల్లు గుచ్చినట్టుంటుంది.

నిడివి కూడా చూసుకోవాలి. 1957 నాటి 'మాయాబజార్' మూడుగంటలు దాటుతుంది. చిన్నపిల్లల్ని ఒక్క బిగిని కూర్చోబెట్టలేం. హాల్లో విశ్రాంతి ఇచ్చినట్టే మధ్యలో ఆపి, కాఫీలూ టిఫిన్లూ కానిచ్చి మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆ సినిమా ఈనాటి పిల్లలకి నచ్చదని భయపడకండి. ప్రియదర్శిని పేటికలో శశిరేఖ అభిమన్యుణ్ణి చూస్తూంటే మా చిన్నది, "అత్తా, వీడియోకాల్!" అని చప్పట్లు కొట్టింది. పాండవుల కథే అయినా ఆ సినిమాలో పాండవులు ఎక్కడా కనిపించరు. ఆ సంగతి ముందు చెప్పకుండా, చివర్లో "ధర్మరాజు వేషం ఎవరు వేశార్రా?" అని పిల్లల్ని అడిగి చూడండి. పిల్లలతోనే తీసిన 'రామాయణం' 1997లో వచ్చింది. గుణశేఖర్‌గారు తీశారు. అందులో రాముడి వేషం వేసిన అబ్బాయే ఇవాళ్టి జూనియర్ ఎన్‌టీఆర్ అంటే మన పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. పెద్దా చిన్నా కలిసి నవ్వుకోవాలంటే జంధ్యాలగారు తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' ఉంది, 1984లో వచ్చింది. ఆ కథ రాసింది పొత్తూరి విజయలక్ష్మిగారు. మనలాంటి ఇల్లాలు రాసిన నవల అంత నవ్వు పుట్టించిందని మన అమ్మాయిలకి చెప్పాలి.

వినికిడి తగ్గినవాళ్ళని టీవీకి దగ్గరగా, ఫాను చప్పుడుకి దూరంగా కూర్చోబెట్టండి. ఈనాటి సినిమాల్లో వాయిద్యాల హోరులో మాట సరిగా వినపడదని పెద్దవాళ్ళు అంటూంటారు. వినపడని సినిమా ముందు గంటలకొద్దీ కూర్చుని, అందరూ నవ్వినప్పుడు తామూ నవ్వి ఊరుకునే పెద్దవాళ్ళు ఎంతమంది ఉన్నారో! వాళ్ళని "ఏం, బాగుందా?" అంటే బాగుందనే అంటారు.

ఇక ఆఖరుది మన సంగతి. సినిమా నడుస్తూంటే ఎవరూ మంచినీళ్ళడగకూడదు, పకోడీలడగకూడదు. మొదలవకముందే ఒక బిందె నీళ్ళూ, ఒక పళ్ళెం జంతికలూ మధ్యలో పెట్టేస్తాం. వంట ముందే ముగించుకోవాలి, దానికి మగవాళ్ళు కూడా కూరలు తరగాలి. ఇంతకాలం మనం సినిమాలని గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటెతో, సగం సగం చూశాం. "తర్వాతేమైంది?" అని పిల్లల్ని అడిగి మిగతాది పూర్తిచేసుకున్నాం. ఇంటిల్లిపాదీ చూడదగ్గ సినిమా అంటే ఇల్లాలు కూడా కూర్చుని చూసిన సినిమా అని అర్థం చెప్పుకుందాం. ఏమంటారు?

2025 సంక్రాంతికి మా అత్తయ్యగారి చీటీలో 'మూగమనసులు' అని వచ్చింది. 1964 నాటి సినిమా. పెళ్ళయిన కొత్తలో మామయ్యగారు ఆవిణ్ణి రాజమండ్రి తీసుకువెళ్ళి చూపించారట. గోదావరి మీద పడవ, కొత్త దంపతులు, పోయిన జన్మ గుర్తుకు రావడం - మాకందరికీ మళ్ళీ గుండె దడదడలాడింది. ఈసారి మాత్రం బుద్ధి తెచ్చుకుని ముందే అడిగాం. "అత్తయ్యా, ఇది మీకు కష్టంగా ఉంటుందేమో?" అని.

"కష్టమేముందర్రా, ఆయన అప్పుడు సగం సినిమా నిద్రపోయారు. ఎక్కడ గురక మొదలుపెట్టారో వచ్చినప్పుడు చూపిస్తాను, ఉండండి" అన్నారావిడ.

చూపించారు కూడా. అందరం నవ్వుకున్నాం. పడక్కుర్చీలో మా చిన్నది, అచ్చం వాళ్ళ తాతయ్యలాగే, అప్పటికే నిద్రపోయింది.

రాబోయే సెలవుల్లో మీరంతా కూర్చుని, కులాసాగా ఒక మంచి సినిమా చూడాలని కోరుకుంటూ, సెలవు తీసుకుంటాను. నమస్కారం.